పెట్టె ఉంది... మనిషేడీ?

ఏ ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టినా గోడమీద కొన్ని వస్తువులు తప్పకుండా ఉంటాయి. దేవుడి పటం, లైసెన్సు కాపీ, గడియారం, ఆ పక్కనే ఓ తెల్లపెట్టె. పెట్టెమీద ఎర్ర ప్లస్‌ గుర్తు. దాని కింద అంటించిన కాగితంమీద ప్రథమ చికిత్స తెలిసినవాళ్ల పేర్లు, ఫోన్‌ నంబర్లు. కాగితం ఎప్పుడో పసుపు రంగుకి తిరిగిపోయి ఉంటుంది. మొదటి పేరున్న ఆసామి ఏడాదిన్నర కిందటే ఇంకో కంపెనీకి మారిపోయాడు. రెండో అతను ఉన్నాడుగానీ ఈ వారం అతనిది నైట్‌ షిఫ్టు. మూడోది హెచ్‌ఆర్‌ మేనేజర్‌ పేరు. ఆయన సాయంత్రం ఆరు దాటితే ఫ్యాక్టరీలో ఉండరు. పెట్టెకు తాళం. తాళంచెవి స్టోర్‌ కీపర్‌ దగ్గర.

తనిఖీకి అధికారులు వచ్చినరోజు ఇవేవీ పైకి కనిపించవు. పెట్టె ఉందా? ఉంది. సర్టిఫికెట్లు ఉన్నాయా? ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఆ రెండు గడుల్లోనూ టిక్కు పడుతుంది. అసలు తనిఖీ జరిగేది మాత్రం ఎవరికైనా చెయ్యి కాలినరోజు, ఎవరైనా కళ్లు పట్టుకుని కూలబడినరోజు.

అనకాపల్లి జిల్లాలో అలాంటి రోజులు చాలానే వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో విశాఖ నుంచి విడిపోయి కొత్త జిల్లా అయ్యేసరికే అచ్యుతాపురం సెజ్‌, పరవాడ ఫార్మాసిటీ, నక్కపల్లి పరిశ్రమలు దీని వాటాకి వచ్చాయి. ఆ ఏడాదే జూన్‌ 3న అచ్యుతాపురంలోని బ్రాండిక్స్‌ ఆవరణలో కుట్టుపని చేస్తున్న మహిళలు విషవాయువు పీల్చి ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. దాదాపు రెండు నెలలకి, ఆగస్టు 2న అక్కడే మళ్లీ అదే జరిగింది. రెండుసార్లూ బాధితులు వందకు పైనే. 2023 జూన్‌ 30న అక్కడికి దగ్గర్లోనే సాహితి ఫార్మాలో పేలుడు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా అడ్వాన్స్‌డ్‌ సైన్సెస్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ సాల్వెంటు ఆవిరి అంటుకుని పేలితే 17 మంది చనిపోయారు, ముప్ఫైమందికి పైగా గాయపడ్డారు. ఆ చితులింకా ఆరకముందే, 23వ తేదీ అర్ధరాత్రి దాటాక పరవాడలోని ఇంకో కంపెనీలో నలుగురు కాలిపోయారు. 2025 ఏప్రిల్‌ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. గోడలు కూలిపోయేంత పేలుడు జరిగితే ప్రథమ చికిత్స తెలిసిన మనిషి చేయగలిగింది తక్కువే. లీకు కాకుండా చూడటం, ఆవిరికి నిప్పు తగలకుండా చూడటం... ముందు జరగాల్సినవి అవి. దూదీ కట్టూ వాటికి బదులు కావు. కానీ చాలా పేలుళ్లలోనూ, చాలా లీకుల్లోనూ చనిపోయినవాళ్లకంటే గాయపడినవాళ్లే ఎక్కువగా ఉంటారు. అచ్యుతాపురం నుంచి అనకాపల్లి ఎన్టీఆర్‌ ఆస్పత్రికి దాదాపు 20 కిలోమీటర్లు. మునగపాక మీదుగా రావాలి. కాలిన గాయాలకు పెద్ద వైద్యం కావాలంటే విశాఖ కేజీహెచ్‌ దాకా పోవాలి. అంబులెన్స్‌ గేటులోకి వచ్చి, మనిషిని ఎక్కించుకుని, ఆస్పత్రి మెట్లెక్కేదాకా ఎంత తొందరపడినా అరగంట, ముప్పావుగంట. ఆ అరగంట ఎవరి చేతుల్లో ఉంటుందన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి సమాధానం చెప్పాల్సింది యజమాని.

చట్టం ఏమంది?

ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. అందులో 45వ సెక్షన్‌ మొత్తం దీనిగురించే. ఫ్యాక్టరీలో ఒక సమయంలో పనిచేసే ప్రతి 150 మంది కార్మికులకు తక్కువలో తక్కువ ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. నిర్ణయించిన సామాన్లు తప్ప అందులో ఇంకేమీ పెట్టకూడదు. ఒక్కో పెట్టె ఒక్కో బాధ్యతగల మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషికి ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్‌ ఉండాలి. పనివేళలన్నిటా అతను వెంటనే దొరకాలి. 500 మంది దాటితే డాక్టరు, నర్సులతో అంబులెన్స్‌ గది కూడా ఉండాలి.

ఆ రోజుల్లో రాసినవాళ్లు ఆషామాషీగా రాయలేదు. పెట్టె ఎంత ముఖ్యమో పెట్టె పక్కన మనిషీ అంతే ముఖ్యమన్నారు. ‘వెంటనే దొరకాలి’ అన్న ముక్కలోనే ఉంది అసలు బరువంతా. ఆచరణలో మాత్రం పెట్టె మిగిలింది, మనిషి ఫైల్లోకి వెళ్లిపోయాడు.

1984 భోపాల్‌ దుర్ఘటన తర్వాత, 1987లో ఈ చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలకోసం ప్రత్యేకంగా ఓ అధ్యాయమే చేర్చారు. దాంతోపాటు చేరిన 111ఎ సెక్షన్‌ గురించి కార్మికుల్లో చాలామందికి తెలియదు. భద్రత, ఆరోగ్యాలకు సంబంధించిన శిక్షణ పొందడం కార్మికుడి హక్కని అది చెప్పింది. వీలైతే ఫ్యాక్టరీలోనే, లేకపోతే యజమాని ఖర్చుమీద బయటి సంస్థలో. అంటే శిక్షణ యాజమాన్యం దయతలచి ఇచ్చేది కాదన్నమాట.

ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించినా అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. అందులో సదుపాయాల గురించి చెప్పే 24వ సెక్షన్‌ ప్రథమ చికిత్సను ఒక్క వాక్యంలో తేల్చేసింది. తగినన్ని పెట్టెలో, బీరువాలో ఉండాలి, వాటిలోని సామాను పనివేళలంతా అందుబాటులో ఉండాలి. అయిదువందలమంది దాటినచోట అంబులెన్స్‌ గది మాట అలాగే ఉంది. సర్టిఫికెట్‌ చేతబట్టుకుని పెట్టె పక్కన నిలబడాల్సిన మనిషి మాత్రం ఆ సెక్షన్‌లో కనిపించడు. అలాంటి వివరాలన్నీ నిబంధనలకు వదిలేశారు. పాత నిబంధనలు కొత్త కోడ్‌కు విరుద్ధం కానంతవరకు చెల్లుబాటవుతాయి కాబట్టి మనిషి పూర్తిగా మాయం కాలేదు. అయినా చట్టంలో ఉండాల్సినవాడు నిబంధనల్లోకి దిగిపోవడం శుభసూచకమేమీ కాదు.

జరిమానాలు మాత్రం పెరిగాయి. విడిగా శిక్ష చెప్పని ఉల్లంఘనలకు సైతం కోడ్‌లో 2 లక్షల నుంచి 3 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. విధుల్ని పాటించకపోవడంవల్ల కార్మికుడు చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు.

ఒక్కరు చాలరు

లెక్క ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ఓ మామూలు మందుల ఫ్యాక్టరీని ఊహించుకోవాలి. మొత్తం నాలుగువందలమంది ఉద్యోగులు. మూడు షిఫ్టులు. షిఫ్టుకి నూటముప్ఫైమంది. అంటే చట్టం ప్రకారం ఒక పెట్టె, ఒక మనిషి సరిపోతారు. యజమాని ఒకరిని పంపించి సర్టిఫికెట్‌ తెప్పిస్తాడు. బాధ్యత తీరిందనుకుంటాడు.

కానీ రోజుకి మూడు షిఫ్టులంటే వారానికి 21. ఒక మనిషి వారానికి చేసేది 6. ప్రతి షిఫ్టులోనూ ఒక్కరైనా ఉండాలంటే ముగ్గురున్నర మంది కావాలి. సగం మనిషి ఉండడు కాబట్టి నలుగురు. పండగ సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, సంక్రాంతికి ఊరెళ్లడాలు కలిపితే అయిదుగురు. ఏడాదిలో ఒకరైనా ఉద్యోగం మానేస్తారు. కాబట్టి ఆరుగురు. ఇదంతా షిఫ్టుకి ఒక్కరుంటే చాలనుకున్న లెక్క!

ఆ ఒక్కరూ మొదటి బ్లాకులో ఉన్నప్పుడు బాయిలర్‌ దగ్గర ఎవరికైనా ఏమైనా అయితే? లేదా... దెబ్బ తగిలింది ఆ మనిషికే అయితే? అందుకే షిఫ్టుకి ఇద్దరైనా, వేర్వేరు బ్లాకుల్లో ఉండాలి. అప్పుడు నాలుగువందలమందిలో పదిమందికి పైగా శిక్షణ పొందినవాళ్లు తేలుతారు. ఇది అతి అనిపించవచ్చు. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలకోసం కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనల్ని చూస్తే అనిపించదు. యాభైమంది లోపు ఉన్నచోట కూడా ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవాళ్లు కనీసం అయిదుగురు ఉండాలని, వారిలో ఒకరు పనివేళలో ఎప్పుడూ అక్కడే ఉండాలని అవి చెప్పాయి. షిఫ్టులూ సెలవులూ వేసుకుని చూస్తే వచ్చే అయిదే ఇదీ.

మనుషుల్ని ఎంచుకోవడంలోనూ పొరపాటు జరుగుతుంది. శిక్షణ అనగానే ఆఫీసులో కూర్చునేవాళ్ల పేర్లు రాసేస్తారు. వాళ్లని రెండురోజులు పంపినా ఉత్పత్తి ఆగదు కదా! దెబ్బలు తగిలేది ఆఫీసులో కాదు. రియాక్టర్‌ దగ్గర ఆపరేటరు, సెంట్రిఫ్యూజ్‌ దగ్గర హెల్పరు, గోదాములో డ్రమ్ములు దొర్లించే మనిషి... శిక్షణ దక్కాల్సింది వీళ్లకి. బ్రాండిక్స్‌ లాంటిచోట్ల కార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. రసాయనం పడిన బట్టలు విప్పించాలన్నా, ఛాతీమీద నొక్కాలన్నా మగ సూపర్‌వైజరు ఒక్కక్షణం వెనకాడతాడు. ఆ క్షణం పోకుండా ఉండాలంటే ప్రతి లైనులోనూ శిక్షణ పొందిన ఆడవాళ్లు ఉండాలి.

కాంట్రాక్టు మనిషి సంగతి?

2024 ఆగస్టు 23 తెల్లవారుజామున పరవాడలో కాలిపోయిన ఆ నలుగురిలో ముగ్గురు ఝార్ఖండ్‌ నుంచి వచ్చినవాళ్లు. వారిలో కొందరు తర్వాత ఆస్పత్రిలో చనిపోయారు. ఈ ప్రాంతపు పరిశ్రమల్లో ఒడిశా, ఝార్ఖండ్‌, బిహార్‌, బెంగాల్‌ నుంచి వచ్చి పనిచేసేవాళ్లు చాలామంది. వాళ్లకోసం గోడమీద ఏ భాషలో రాశారు? తెలుగులో, ఇంగ్లీషులో. మంటపెడుతోందో, ఊపిరాడటం లేదో, కళ్లు కనిపించడం లేదో ఒడియాలో చెబుతున్న మనిషికి తెలుగులో జవాబిస్తే ఏం లాభం? పదిమందికి శిక్షణ ఇస్తున్నప్పుడు అందులో ఇద్దరు హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉండేలా చూడటానికి అదనంగా ఒక్క రూపాయీ ఖర్చవదు.

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చినప్పుడు ప్రథమ చికిత్స ఏర్పాటు కాంట్రాక్టరు బాధ్యత అంది. అతను చేయకపోతే అసలు యజమానే చేసి ఆ ఖర్చు కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలంది. బాగానే ఉంది. కానీ 1971 నాటి కేంద్ర నిబంధనల్లో ఓ మెలిక ఉండేది. కాంట్రాక్టు కార్మికులు 150 మందో, అంతకంటే ఎక్కువో ఉన్నచోటే పెట్టె శిక్షణ పొందిన మనిషి చేతిలో ఉండాలట. నలభైమందిని తెచ్చిన కాంట్రాక్టరుకి పెట్టె ఉంటే చాలు! ఆ 1970 చట్టం కూడా ఇప్పుడు కొత్త కోడ్‌లో కలిసిపోయింది. చట్టం మారినా అలవాటు పోదు. షట్‌డౌన్‌ రోజుల్లో, అంటే యంత్రాలు ఆపి ట్యాంకులు కడిగి పైపులు కోసి అతికించే రోజుల్లో ఆవరణలో ఎక్కువగా ఉండేది కాంట్రాక్టు మనుషులే. ఎక్కువ ప్రమాదకరమైన పనులూ అప్పుడే. కంపెనీలో శిక్షణ పొందిన ఉద్యోగులు మాత్రం అప్పుడు సెలవులో ఉంటారు.

ఏం నేర్పాలి?

చాలా శిక్షణలు ఒకేలా సాగుతాయి. ప్రొజెక్టరుమీద బొమ్మలు, విరిగిన చేతికి కట్టు, పాముకాటు, చివర్లో టీ బిస్కెట్లు, గ్రూప్‌ ఫొటో. చేతులకు పని ఉండదు. పైగా ఆ ఫ్యాక్టరీలో ఏ ప్రమాదాలు జరగవచ్చో నేర్పే మనిషికి ఎవరూ చెప్పరు.

అచ్యుతాపురంలోనో పరవాడలోనో నేర్పాల్సిన మొదటి పాఠం నీళ్లు. ఆమ్లంగానీ క్షారంగానీ ఒంటిమీద పడితే ధారగా నీళ్లు పోయాలి. ఎంతసేపు? చాలామంది రెండు నిమిషాలంటారు. కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు పోయాలి. నీళ్లు పోస్తూనే తడిసిన బట్టలు విప్పేయాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచిపట్టుకుని అంతసేపూ కడగాలి. అందుకే కళ్లు కడిగే కుళాయి, సేఫ్టీ షవర్‌ పదిసెకన్ల నడకలో ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. కళ్లు కనిపించని మనిషి పదిసెకన్లలో చేరాలి మరి! ఎన్నోచోట్ల వాటిముందు డ్రమ్ములు పేర్చి ఉంటాయి. ఎండాకాలంలో ట్యాంకు పైనుంచి వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి. నెలకోసారైనా కుళాయి తిప్పి చూడటం కూడా ప్రథమ చికిత్సలో భాగమే.

నిప్పుతో కాలినా మందు అదే. ఇరవై నిమిషాలు చల్లటి నీటిధార. మంచుగడ్డలు వద్దు. పసుపు, టూత్‌పేస్టు, సిరా, నూనె ఏదీ వద్దు. ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచీ వస్తున్న అలవాటు కావడంతో ఫ్యాక్టరీలోనూ ఎవరో ఒకరు పేస్టు ట్యూబు పట్టుకొస్తారు. ఆస్పత్రిలో దాన్ని గోకి తీయడానికి డాక్టర్లు పడే పాట్లు, ఆ మనిషి పడే నరకం చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ పని చేయరు. ఒంటికి అతుక్కుపోయిన బట్టను పీకకూడదు. బొబ్బలు చిదమకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి పంపాలి.

విషవాయువు దగ్గర పాఠం ఇంకొకటి, అన్నిటికంటే కష్టమైనది. లోపలికి పరిగెత్తకూడదు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఓ కోళ్ల హేచరీలో వ్యర్థాల ట్యాంకులోకి దిగినవాళ్లు పడిపోతే, వాళ్లకోసం మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు. మొత్తం ఏడుగురు పోయారు. తోటిమనిషి కళ్లముందు పడిపోతుంటే ఆగమని చెప్పడం క్రూరంగా ఉంటుంది. అయినా శ్వాస పరికరం లేకుండా దిగితే కాపాడాల్సినవాళ్ల సంఖ్య పెరుగుతుందంతే. ముందు అలారం. గాలివాటం చూసుకుని ఎదురుగాలి వైపు నడవడం. పరికరం ఉన్నవాళ్లే లోపలికి. బయటికి తెచ్చాక బట్టలు వదులు చేసి, స్పృహ ఉంటే ఆనించి కూర్చోబెట్టాలి. స్పృహ తప్పినా ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. దగ్గు తగ్గింది కదా అని ఇంటికి పంపేయడమూ తప్పే. కొన్ని వాయువులు ఊపిరితిత్తుల్ని దెబ్బతీశాయన్న సంగతి గంటల తర్వాతగానీ బయటపడదు.

కరెంటు షాక్‌ కొట్టి గుండె ఆగినచోట చేతులే యంత్రం. ముందు మెయిన్‌ ఆపాలి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. ఇది చూస్తే వచ్చేది కాదు. బొమ్మమీద చెమటలు పట్టేదాకా నొక్కితేనే వస్తుంది. ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు పదోవంతు తగ్గిపోతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 తెలుగునాట లక్షల ప్రాణాలకు అండ అయింది. కానీ ఏ 108 కూడా మొదటి మూడు నిమిషాల్లో రియాక్టర్‌ పక్కకి రాలేదు.

సర్టిఫికెట్‌ తర్వాత...

ప్రథమ చికిత్సకూ పనిచేసే చోటుకీ మొదటినుంచీ సంబంధం ఉంది. ఇంగ్లండులో 1878లో సెయింట్‌ జాన్‌ సంస్థ మామూలు జనానికి తరగతులు మొదలుపెట్టినప్పుడు ముందుగా అందుకున్నవాళ్లలో రైల్వే, గనుల కార్మికులున్నారు. మనదేశంలోనూ సెయింట్‌ జాన్‌ అంబులెన్స్‌, రెడ్‌క్రాస్‌ సొసైటీ ఏళ్లతరబడి ఈ తరగతులు నడిపి సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. బ్రిటన్‌లో 1981 నాటి నిబంధనలు ఎంతమందికి ఒకరు అని తలలు లెక్కపెట్టవు. మీ దగ్గర ఏ ప్రమాదాలున్నాయి, ఆస్పత్రి ఎంతదూరం, రాత్రి ఎందరుంటారు, సెలవుల్లో ఎవరుంటారు... ఇవన్నీ తేల్చుకుని తగినంతమందిని పెట్టమని యజమానికే చెబుతాయి. అక్కడ సర్టిఫికెట్‌ గడువు మూడేళ్లు. అయినా ఏడాదికోసారి పాఠం మళ్లీ వల్లెవేయమని అక్కడి భద్రతా సంస్థ గట్టిగా సలహా ఇస్తుంది. ఛాతీ నొక్కే నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే మసకబారుతుందని వైద్య సంఘాలు చెబుతున్నాయి మరి. మూడునెలలకోసారి, షిఫ్టు మారే వేళ, పదినిమిషాలు బొమ్మముందు కూర్చోబెడితే చాలు. దానికి హోటల్‌ హాలు, బ్యానరు అక్కర్లేదు.

పెట్టెలో ఏముండాలన్నదీ ఓసారి తిరగేయాల్సిన విషయమే. కాంట్రాక్టు కార్మికుల పాత కేంద్ర నిబంధనల జాబితాలో పాముకాటుకు గాటుపెట్టే కత్తి, పొటాషియం పర్మాంగనేట్‌ స్ఫటికాలు ఉండేవి. పాము కరిచినచోట కోయడం, రసాయనం రుద్దడం హాని చేస్తాయని వైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. కదలకుండా ఉంచి, యాంటీవెనం దొరికే ఆస్పత్రికి తీసుకెళ్లడమే దారి. పెట్టెమీది ఎర్ర ప్లస్‌కీ ఓ కథ ఉంది. తెల్లటి నేపథ్యంలో ఎర్ర శిలువ గుర్తును ఎవరుపడితే వాళ్లు వాడకూడదని 1960 జెనీవా ఒప్పందాల చట్టం చెబుతుంది. ప్రథమ చికిత్సకు ఆకుపచ్చమీద తెల్ల ప్లస్‌ అంతర్జాతీయ గుర్తు. రంగు ఏదైనా ఫర్వాలేదుగానీ, తాళం మాత్రం తీసేయాలి. దూది పోతుందనే భయంతో వేసిన తాళం అది. పోయిన దూది ఖరీదెంత?

చట్టం చేరని చోట

పాత చట్టంలో కరెంటు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌ ఆ అంకెల్ని ఇరవై, నలభై చేసింది. ప్రమాదకరమైన పనిలో ఒక్కరున్నా కోడ్‌ను వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఉన్నా, చిన్న యూనిట్లు చాలావరకు కాగితాలకు దూరంగానే ఉంటాయి. కైలాసపట్నంలాంటి చోట్ల పనిచేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మందుగుండు కూరుతున్న మనిషి దగ్గరకి చట్టం వెళ్లేది ఎక్కువగా పేలుడు తర్వాతే.

ఇక అనకాపల్లికి పేరు తెచ్చిన బెల్లం సంగతి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. చెరకు ఆడే రోజుల్లో గానుగల దగ్గర పనిచేసేవాళ్లు ఆరుగురో ఎనమండుగురో. కాబట్టి ఏ సెక్షనూ వాళ్ల తలుపు తట్టదు. రోలర్ల మధ్య చెయ్యి నలిగినా, పెనంలో పాకం చిందినా చూసుకోవాల్సింది రైతూ, పక్కనున్న కూలీలే. దింపడానికి సిద్ధమైన పాకం మరిగే నీళ్లకంటే వేడిగా, 115 డిగ్రీలు దాటి ఉంటుంది. చర్మానికి అతుక్కుని వదలదు. అతుక్కున్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది. గోళ్లతో లాగితే చర్మం ఊడివస్తుంది. గానుగకు ఎప్పుడైనా ఆగిపోయేలా చేతికందే స్విచ్చు, పెనం పక్కన నిండుగా నీళ్ల డ్రమ్ము, అందులో ఓ చెంబు, ఉతికి ఆరేసిన గుడ్డ ఒకటి పెట్టుకుంటే సగం ఏర్పాటు అయినట్టే. మిగతా సగం పాకం చిందిన వెంటనే పేస్టుకోసం ఇంటికి పరిగెత్తకుండా చెంబు అందుకునే మనిషి. ఇరవై నిమిషాలు ఆగకుండా పోస్తే ఒళ్లూ చల్లబడుతుంది, పాకమూ వదులుతుంది. బెల్లం ఎలాగూ నీళ్లలో కరిగేదే.